జీరోకి వారసుడు ఎందుకు రాలేదు?

1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడ రేవుల మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. అవి వచ్చింది ర్యూజో అనే చిన్న విమానవాహక నౌక మీది నుంచి. విశాఖలోనూ మద్రాసులోనూ జనం మూటాముల్లే సర్దుకుని లోపలి ఊళ్లకు తరలిపోయిన రోజులవి. రెండు నెలలు తిరక్కుండానే అదే ర్యూజో ఉత్తర పసిఫిక్‌లో, అలాస్కా దగ్గర తేలింది. జూన్ 4న డచ్ హార్బర్ మీద దాడికి దాని డెక్ నుంచి లేచిన జీరో ఫైటర్లలో (జపాన్ నేవీ యుద్ధ విమానాల్లో) ఒకదాన్ని నడిపింది తదయోషి కోగా అనే కుర్ర పైలట్. కింది నుంచి వచ్చిన తూటా తగిలి ఇంజన్ ఆయిల్ కారిపోసాగింది. అకుటాన్ అనే దీవిలో పచ్చిక బయలులా కనిపించిన చోట దిగబోయాడు. అది పైన గడ్డి మొలిచిన బురద నేల. చక్రాలు దిగబడి విమానం పల్టీ కొట్టింది, కోగా చనిపోయాడు. విమానం మాత్రం పెద్దగా చెడలేదు. జూలై 10న అది ఒక అమెరికన్ గస్తీ విమానం కంట పడింది. సెప్టెంబర్ 20న శాన్ డియాగోలో అమెరికన్ టెస్ట్ పైలట్ దాన్ని బాగుచేయించి గాల్లోకి లేపాడు.

ఇక్కడి నుంచే ఒక కథ పుట్టి ఇప్పటికీ తిరుగుతోంది. ఆ జీరోని విప్పి చూసి, దాని గుట్టు తెలుసుకుని అమెరికా వాళ్లు హెల్‌క్యాట్ అనే ఫైటర్‌ని తయారు చేశారని, జపాన్ ఓటమి అక్కడే మొదలైందని ఆ కథ. వినడానికి బాగుంటుంది గానీ తేదీలు ఒప్పుకోవు. హెల్‌క్యాట్ మొదటి నమూనా ఎగిరింది 1942 జూన్ 26న. అప్పటికి కోగా విమానం ఇంకా బురదలోనే ఉంది. అసలు హెల్‌క్యాట్ కోసం గ్రమ్మన్ కంపెనీతో అమెరికన్ నేవీ ఒప్పందం రాసుకున్నది 1941 జూన్ 30న, పెర్ల్ హార్బర్ దాడికి ఐదు నెలల ముందు.

దొరికిన జీరో వల్ల అమెరికన్ పైలట్లకి మేలు జరగలేదని కాదు. వేగం 200 నాట్లు (గంటకు సుమారు 370 కిలోమీటర్లు) దాటాక జీరో ఐలరాన్లు, అంటే విమానాన్ని పక్కకి దొర్లించే రెక్క చివరి పలకలు, బిగుసుకుపోతాయని, కుడివైపు కంటే ఎడమవైపు తేలిగ్గా దొర్లుతుందని, ఒక్కసారిగా ముక్కు కిందికి వంచితే కార్బ్యురేటర్‌కి పెట్రోల్ అందక ఇంజన్ తడబడుతుందని తెలిసింది. వెంట పడిన జీరోని వదిలించుకునే దారి అలా దొరికింది. ఇది పోరాటానికి పనికొచ్చిన తెలివి, కొత్త విమానం పుట్టుకతో దీనికి సంబంధం తక్కువ. పాత ఫైటర్ స్థానంలో కొత్తది ఎప్పుడు మొదలుపెట్టాలి, దేని చుట్టూ కట్టాలి అన్న ప్రశ్నకి జవాబు అకుటాన్ బురదలో లేదు. పాత ఫైటర్ ఇంకా గెలుస్తున్న రోజుల్లో ఎవరి డ్రాయింగ్ బోర్డు మీద ఏముంది అన్నదే అసలు విషయం. జపాన్ బోర్డు మీద ఆ చోటు ఖాళీగా ఉండిపోయింది. ఎందుకు అలా జరిగిందో తెలియాలంటే ముందు జీరోని దగ్గర నుంచి చూడాలి.

1937లో జపాన్ నేవీ కోరిన ఫైటర్‌కి షరతులు చూసి నకజిమా కంపెనీ పోటీ నుంచి తప్పుకుంది. నౌక మీది నుంచి లేవాలి, 4,000 మీటర్ల ఎత్తున గంటకు 500 కిలోమీటర్ల వేగం అందుకోవాలి, మూడున్నర నిమిషాల్లో 3,000 మీటర్లు ఎక్కాలి, అదనపు ట్యాంకుతో ఆరు నుంచి ఎనిమిది గంటలు గాల్లో ఉండాలి, రెండు 20 మిల్లీమీటర్ల ఫిరంగులు మోయాలి, పైగా పాత తేలికపాటి ఫైటర్లలా చటుక్కున మలుపు తిరగాలి. నేవీలోనే దీని మీద ఏకాభిప్రాయం లేదు. మలుపు తిరిగే చురుకుదనమే ప్రాణమని మినోరు గెండా అనే నేవీ అధికారి వాదించాడు. వేగం, దూరం ముఖ్యమని తకేవో షిబతా అనే మరో అధికారి వాదించాడు. చివరికి రెండూ కావాలన్నారు. మిత్సుబిషిలో ఆ భారం జిరో హొరికోషి అనే ఇంజనీర్ భుజాన పడింది.

హొరికోషి చేతిలో ఉన్న ఇంజన్ వెయ్యి హార్స్ పవర్ లోపుది. అంత చిన్న ఇంజన్‌తో ఇన్ని కోరికలు తీరాలంటే ఒకటే మార్గం, బరువు తగ్గించడం. సుమితొమో కంపెనీ కొత్తగా తెచ్చిన గట్టి అల్యూమినియం మిశ్రమాన్ని రెక్కల దూలాలకి వాడాడు. లోపలి భాగాల్లో లోహం అవసరం లేని ప్రతి చోటా బెజ్జాలు వేయించాడు. రెక్కనీ మధ్య భాగాన్నీ విడివిడిగా చేసి బోల్టులతో బిగించకుండా ఒకే ముక్కగా కట్టించాడు. నిబంధనల ప్రకారం ప్రతి భాగమూ దాని మీద పడే అత్యధిక బరువుకి 1.8 రెట్లు ఓర్చుకోవాలి. సన్నగా పొడుగ్గా ఉండే కొన్ని భాగాల్లో దాన్ని 1.6కి దించాడు. పైలట్ వెనక ఉక్కు పలక లేదు, తూటా తగిలితే తనంతట తాను పూడుకునే ట్యాంకు లేదు. నేవీ అవి అడగలేదు, ఇతనూ పెట్టలేదు. ఇంత జాగ్రత్తగా గ్రాము గ్రాము లెక్క చూసుకుని కట్టిన విమానాన్ని 1939 మార్చిలో నగోయా ఫ్యాక్టరీ నుంచి 50 కిలోమీటర్ల దూరంలోని కగమిగహరా విమానాశ్రయానికి భాగాలుగా విడదీసి ఎడ్ల బండ్ల మీద పంపారు. ఆ దారి గతుకులకి లారీలో తీసుకెళ్తే దెబ్బ తింటుందని వాళ్ల భయం. ఏప్రిల్ 1న అది మొదటిసారి ఎగిరింది.

ఆ తర్వాతి ఫలితాలు చూసి ప్రపంచం ఆశ్చర్యపోవాల్సింది. 1940 సెప్టెంబర్ 13న చైనాలోని చోంగ్‌చింగ్ మీద 13 జీరోలు తమవైపు ఒక్క విమానమూ పోగొట్టుకోకుండా 27 శత్రు ఫైటర్లను కూల్చామని చెప్పుకున్నాయి. బయట దేశాల్లో ఆ వార్తని నమ్మినవాళ్లు తక్కువ. పెర్ల్ హార్బర్ తర్వాతి ఆరు నెలల్లో నమ్మక తప్పలేదు.

కానీ అంత బిగుతుగా కుట్టిన చొక్కా మనిషి కాస్త లావైతే పట్టదు. జీరోలో ఏ మూలా మిగులు లేదు. అది గెలవడానికి ఏది కారణమో, ఎదగలేకపోవడానికీ అదే కారణం. మరి రెండు వేల హార్స్ పవర్ ఇంజన్ తెచ్చి ముక్కుకి తగిలిస్తే పోదా అని ఎవరికైనా అనిపిస్తుంది. జీరోలోని సకాయె ఇంజన్ బరువు సుమారు 530 కిలోలు. హెల్‌క్యాట్‌లో పెట్టిన ప్రాట్ అండ్ విట్నీ ఆర్-2800 ఇంజన్ సుమారు 1,070 కిలోలు. ముక్కు మీద అర టన్ను పెరిగితే విమానం ముందుకు వాలుతుంది, తోక పొడుగు పెంచాలి. ఆ శక్తిని గాలికి అందించాలంటే ప్రొపెల్లర్ పెద్దది కావాలి. అది డెక్‌కి తగలకుండా ఉండాలంటే చక్రాల కాళ్లు పొడుగవ్వాలి. పొడుగు కాళ్లకి రెక్కలు గట్టిపడాలి. పెద్ద ఇంజన్ పెట్రోల్ ఎక్కువ తాగుతుంది, ట్యాంకులు పెరగాలి. ఇంత బరువు మోయడానికి రెక్క వైశాల్యం పెరగాలి. సన్యాసి గోచీని ఎలకల నుంచి కాపాడబోయి పిల్లిని, పిల్లి కోసం ఆవుని, ఆవు కోసం సంసారాన్ని తెచ్చుకున్నట్టే ఇది. చివరికి తేలేది పూర్తిగా వేరే విమానం. అందుకే ఫైటర్‌ని మార్చడమంటే ముందు ఇంజన్ తేల్చుకోవడం, తర్వాతే మిగతాది.

అమెరికా వైపు ఇదే జరిగింది. అక్కడ పాతబడుతున్నది గ్రమ్మన్ వాళ్లదే అయిన వైల్డ్‌క్యాట్. 1,200 హార్స్ పవర్ ఇంజన్, పొట్టలోకి ముడుచుకునే ఇరుకు చక్రాలు. ఆ చక్రాలు పైకి లాగడానికి పైలట్ ఒక చేత్తో స్టిక్ పట్టుకుని ఇంకో చేత్తో హ్యాండిల్‌ని దాదాపు 30 చుట్లు తిప్పాలి. కొత్తగా లేచిన వైల్డ్‌క్యాట్లు అటూ ఇటూ ఊగుతూ పోతుంటే, చూసేవాళ్లకి లోపల హ్యాండిల్ తిరుగుతోందని తెలిసిపోయేది. మొదట్లో గ్రమ్మన్ దీన్నే సరిదిద్దాలనుకుంది. పెద్ద ఇంజన్ పెట్టడం మొదలెట్టాక పైన చెప్పిన గొలుసు మొత్తం బయటపడింది. కొత్త విమానమే కట్టడం మేలని తేల్చుకున్నారు. అదే హెల్‌క్యాట్. మొదటి నమూనా 1,700 హార్స్ పవర్ రైట్ ఇంజన్‌తో ఎగిరితే, ఐదు వారాలకే, జూలై 30న, 2,000 హార్స్ పవర్ ఆర్-2800తో రెండో నమూనా ఎగిరింది. ఇంత తొందరగా ఇంజన్ మార్చగలిగారంటే మార్చడానికి తగిన ఇంజన్ అప్పటికే తయారై ఉండబట్టి.

డిజైన్ పరంగా హెల్‌క్యాట్‌లో అద్భుతాలేమీ లేవు. లావుగా, మొరటుగా ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలోని అమెరికన్ సింగిల్ ఇంజన్ ఫైటర్లలో అన్నిటికంటే పెద్ద రెక్క దీనిది, 31 చదరపు మీటర్లు. పైలట్ చుట్టూ 95 కిలోల దాకా ఉక్కు కవచం. చక్రాలు వెడల్పుగా రెక్కల్లోకి హైడ్రాలిక్స్‌తో ముడుచుకుంటాయి. రెక్కల మడత గురించి ఒక చిన్న సంగతి చెప్పుకోవాలి. పైకి మడిచే రెక్కలు నౌక లోపలి కప్పుకి తగులుతాయి, మడవకపోతే చోటు చాలదు. లెరోయ్ గ్రమ్మన్ ఒక రబ్బరు ముక్కకి రెండు పేపర్ క్లిప్పులు గుచ్చి, ఏ కోణంలో వంచితే అవి పక్షి రెక్కల్లా వెనక్కి ఒళ్లుకి ఆనుకుంటాయో తిప్పి చూశాడు. అలా దొరికిన కోణం ముందు వైల్డ్‌క్యాట్‌కి, తర్వాత హెల్‌క్యాట్‌కి వచ్చింది. ఒక నౌకలో ఎక్కువ విమానాలు పట్టడం ఎంత పెద్ద లాభమో యుద్ధం లెక్కల్లో తెలుస్తుంది.

ఇంకొక విషయం తరచూ మరుగున పడుతుంది. అమెరికన్ నేవీ అసలు ఆశ పెట్టుకున్నది హెల్‌క్యాట్ మీద కాదు, 1940లోనే ఎగిరిన కోర్సెయిర్ అనే ఫైటర్ మీద. అది వేగంలో ముందుంది, నౌక మీద దిగేటప్పుడు మాత్రం ఇబ్బంది పెట్టింది. ఒకటి తేడా కొడితే ఇంకొకటి ఉండాలని హెల్‌క్యాట్‌ని వేరే కంపెనీతో చేయించారు. రెండింటికీ ఇంజన్ ఒకటే. ఈ ముందుచూపుకి దక్కవలసినంత మెచ్చుకోలు దక్కలేదు.

ఇప్పుడు నగోయాకి వద్దాం. జీరో సైన్యంలో చేరిన ఏడాదే, 1940 చివర్లో, జపాన్ నేవీ దాని వారసుడి గురించి మిత్సుబిషిని కదిపింది. ఆలోచన సరైన సమయానికే వచ్చింది. కానీ 1941 జనవరికల్లా పక్కన పెట్టేశారు. రెండు కారణాలు. ఒకటి, తగిన ఇంజన్ కనుచూపు మేరలో లేదు. రెండు, పని చేయాల్సిన మనిషి ఖాళీగా లేడు. హొరికోషి బృందం అప్పటికే రైడెన్ అనే ఇంటర్‌సెప్టర్ (దాడికి వచ్చే శత్రు విమానాల్ని అడ్డుకునే ఫైటర్) డిజైన్‌లో మునిగి ఉంది. దానికి తోడు ఆ ఏప్రిల్‌లో జీరోల్లో ఐలరాన్ల అదురు సమస్య బయటపడింది. కారణం వెతకబోయిన లెఫ్టినెంట్ షిమోకావా నిట్టనిలువు డైవ్‌లో విమానం ముక్కలై ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ లోపం దిద్దడమూ ఇదే బృందం పని. జీరోకి మెరుగులు, రైడెన్‌కి దిద్దుబాట్లు, కొత్త ఫైటర్‌కి డిజైన్, అన్నిటికీ అవే బల్లలు, అవే చేతులు. హొరికోషి ఆరోగ్యం కూడా ఈ ఒత్తిడికి దెబ్బతింది.

ఇందులో నేవీ తప్పు ఎంత? చాలానే ఉందని చెప్పక తప్పదు. గెలుస్తున్న విమానం చేతిలో ఉండగా దాని వారసుడికి మనుషుల్ని కేటాయించడం ఎవరికైనా కష్టమే. కానీ చైనా మీద గెలిచిన ప్రతి నెలా అమెరికాలో 2,000 హార్స్ పవర్ ఇంజన్లు పరీక్షల్లో తిరుగుతున్న నెల కూడా. జపాన్ కోల్పోయినది సరిగ్గా ఆ పదిహేను నెలలు. వారసుడి పని మళ్లీ మొదలైంది 1942 ఏప్రిల్‌లో, అంటే విశాఖ మీద బాంబులు పడిన నెలలోనే. దానికి రెప్పూ అని పేరు పెట్టారు, పెనుగాలి అని అర్థం.

మొదలవడంతోనే గొడవ ఇంజన్ దగ్గర వచ్చింది. మిత్సుబిషి తన సొంత ఎంకె9 ఇంజన్ కావాలంది, అది 2,200 హార్స్ పవర్ ఇస్తుందని లెక్క. నేవీ నకజిమా వాళ్ల హొమారే పెట్టమంది. నేవీ వాదన పూర్తిగా మొండి వాదనేమీ కాదు. హొమారే అప్పటికే నడుస్తున్న ఇంజన్, మిత్సుబిషిది ఇంకా సిద్ధం కాలేదు. అన్ని కొత్త విమానాలకీ ఒకే ఇంజన్ ఉంటే ఉత్పత్తి తేలికవుతుంది కూడా. ఇంజన్‌గా హొమారే నిజంగా తెలివైన పనే. జీరోలోని సకాయె సిలిండర్ల కొలతలతోనే 18 సిలిండర్లు పేర్చి, 35.8 లీటర్ల పరిమాణం నుంచి 2,000 హార్స్ పవర్‌కి దగ్గరగా పిండారు. అమెరికన్ ఆర్-2800 అదే శక్తికి 45.9 లీటర్లు వాడుకుంది. చిక్కు అక్కడే ఉంది. చిన్న ఇంజన్ నుంచి పెద్ద శక్తి రావాలంటే మంచి మిశ్రమ లోహాలు, కచ్చితమైన తయారీ, 100 ఆక్టేన్ పెట్రోల్ కావాలి. యుద్ధం ముదిరేకొద్దీ జపాన్‌లో మూడూ కరువయ్యాయి. నాసిరకం పెట్రోల్‌తో ఇంజన్ కొట్టుకోకుండా నీళ్లు, మిథనాల్ కలిపి చిమ్మాల్సి వచ్చింది. నైపుణ్యం ఉన్న మెకానిక్కుల్ని సైన్యంలోకి లాక్కుని, వాళ్ల స్థానంలో బడి పిల్లల్ని ఫ్యాక్టరీలకి పంపారు. కాగితం మీద లెక్కకీ ఫ్యాక్టరీ గేటు దాటి వచ్చిన ఇంజన్‌కీ పొంతన లేకుండా పోయింది.

రెండో గొడవ రెక్క దగ్గర. గంటకు 638 కిలోమీటర్ల వేగం, ఆరు నిమిషాల్లోపు 6,000 మీటర్ల ఎత్తు కావాలన్న నేవీయే జీరోలాంటి చురుకుదనమూ వదలనంది. ఐదేళ్ల కిందటి గెండా, షిబతా వాదన మళ్లీ లేచి, మళ్లీ రెండూ కావాలన్న దగ్గరే ఆగింది. ఇక్కడ కొద్దిగా లెక్క చూడాలి. విమానం బరువుని రెక్క వైశాల్యంతో భాగిస్తే ప్రతి చదరపు మీటరు ఎంత మోస్తోందో తెలుస్తుంది. అది తక్కువైతే మలుపు చిన్నదవుతుంది, కానీ అంత పెద్ద రెక్క గాలిని ఈడ్చుకుంటూ పోవాలి. జీరో తొలి రకంలో ఇది 107 కిలోలు. హెల్‌క్యాట్‌లో సుమారు 180. రెప్పూలో ఇంచుమించు 150 దగ్గర ఆపాలంటే దాదాపు 31 చదరపు మీటర్ల రెక్క కావాల్సి వచ్చింది, 14 మీటర్ల పొడవున. అంటే హెల్‌క్యాట్ అంత రెక్కని అంతకంటే బలహీనమైన ఇంజన్ లాగాలి. 1942 నాటికి అమెరికన్ పైలట్లు జీరోతో గిరికీలు కొట్టడం మానేసి, పైనుంచి దూకి కాల్చి వెళ్లిపోవడం నేర్చుకుంటున్నారు. ఎదుటివాడు ఆడటం మానేసిన ఆటకి జపాన్ నేవీ రెక్క కొలతలు రాయించుకుంది. ఆ రెక్క వైశాల్యంలో నాలుగైదు చదరపు మీటర్లు తగ్గించనిచ్చి ఉంటే రెప్పూ ఇంకాస్త వేగంగా ఉండేదనడంలో సందేహం అక్కర్లేదు.

వారసుడు వచ్చేదాకా జీరోనే సాగదీశారు. 1942లో రెండు వేగాల సూపర్‌చార్జర్ (ఎత్తున పలచబడే గాలిని ఇంజన్‌లోకి ఒత్తి పంపే యంత్రం) ఉన్న 1,130 హార్స్ పవర్ సకాయె పెట్టి, రెక్క చివర్లు కత్తిరించి కొత్త రకం తెచ్చారు. వేగం కాస్త పెరిగింది, వెళ్లగలిగే దూరం తగ్గింది. సరిగ్గా అప్పుడే దక్షిణ పసిఫిక్‌లోని రబౌల్ స్థావరం నుంచి గ్వాడల్‌కెనాల్ దీవి దాకా, ఒకవైపే వెయ్యి కిలోమీటర్లకి పైగా ఎగిరి పోరాడి తిరిగి రావాల్సిన అవసరం పడింది. ఆ రకం ఆ దూరానికి చాలలేదు. రెక్కల చివర్లు, అదనపు పెట్రోల్ తిరిగి పెట్టి ఇంకో రకం చేశారు. 1943లో వచ్చిన 52 రకం గంటకు 565 కిలోమీటర్లు అందుకుంది. అదే ఏడాది ఆగస్టు 31న మార్కస్ దీవి మీద హెల్‌క్యాట్లు మొదటిసారి యుద్ధంలోకి దిగాయి, వాటి వేగం గంటకు 600 కిలోమీటర్ల పైమాటే. ఒప్పందం రాసుకున్న రోజు నుంచి ఇరవై ఆరు నెలలు.

రెప్పూకి మొదలైన రోజు నుంచి మొదటిసారి గాల్లోకి లేవడానికే ఇరవై ఐదు నెలలు పట్టింది. 1944 మే 6న ఎగిరింది. నడపడానికి హాయిగా ఉందని, అదుపు బాగుందని పైలట్లు మెచ్చుకున్నారు. వేగం చూస్తే గంటకు 574 కిలోమీటర్లు. కోరినదానికి 60 కిలోమీటర్లకి పైగా తక్కువ, పాత జీరో 52 రకానికి పట్టుమని పది కిలోమీటర్లు ఎక్కువ. రెండేళ్లు రాత్రింబవళ్లు కష్టపడిన బృందానికి ఆ అంకె ఎలా తగిలిందో ఊహించుకోవచ్చు. విమానం ఆకారంలో తప్పుందా, ఇంజన్‌లో తప్పుందా? మిత్సుబిషి వాళ్లు హొమారేని విడిగా పరీక్షించారు. 6,000 మీటర్ల ఎత్తున 1,700 హార్స్ పవర్ ఇవ్వాల్సిన ఇంజన్ సుమారు 1,300 మాత్రమే ఇస్తోంది. నాలుగో వంతు శక్తి ఎక్కడా లేదు.

ఆ నెల గడిచాక, జూన్ 19న, మారియానా దీవుల దగ్గర జపాన్ విమానవాహక నౌకల బలగం హెల్‌క్యాట్ల చేతిలో ఒక్క రోజులో కుప్పకూలింది. చాలామంది కొత్త పైలట్లు, వాళ్ల చేతిలో ఇంకా జీరోలే. ఆగస్టులో నేవీ రెప్పూని ఆపేయమంది. వేరే కంపెనీ డిజైన్ చేసిన షిదెన్-కాయ్ అనే ఫైటర్‌ని తయారు చేసి పెట్టమని మిత్సుబిషికే చెప్పింది. మిత్సుబిషి బతిమాలి, మొదటి నుంచి అడుగుతున్న తన ఇంజన్‌ని ఒక విమానంలో పెట్టి చూసుకోవడానికి అనుమతి తెచ్చుకుంది. 1944 అక్టోబర్ 13న ఆ రెప్పూ ఎగిరింది. గంటకు 628 కిలోమీటర్లు, ఆరు నిమిషాల కొద్ది సెకన్లలో 6,000 మీటర్లు. రెండున్నరేళ్ల కిందట రాసుకున్న కాగితానికి వెంట్రుకవాసి దూరంలో నిలిచింది. ఆపేయమన్న నేవీయే ఇప్పుడు ఉత్పత్తి మొదలుపెట్టమంది.

అది జరిగిన పన్నెండో రోజు, అక్టోబర్ 25న, ఫిలిప్పీన్స్ దగ్గర లెఫ్టినెంట్ యుకియో సెకి నాయకత్వంలో జీరోలు 250 కిలోల బాంబులు కట్టుకుని నేరుగా నౌకల మీదికి దూకాయి. మొదటి వ్యవస్థీకృత కామికాజె దాడి అది. డిసెంబర్ 7న పెద్ద భూకంపం వచ్చి నగోయా ప్రాంతంలోని విమాన ఫ్యాక్టరీలు దెబ్బతిన్నాయి. డిసెంబర్ 13న అమెరికన్ బి-29 బాంబర్లు వచ్చి అదే ఊళ్లోని మిత్సుబిషి ఇంజన్ ఫ్యాక్టరీ మీద బాంబులు కురిపించాయి. రెప్పూకి కావాల్సిన ఇంజన్లు అక్కడే తయారవ్వాలి. నమూనాలు కొన్ని బాంబుల కింద, ప్రమాదాల్లో పోయాయి. యుద్ధం ముగిసేనాటికి రెప్పూలన్నీ కలిపి పట్టుమని పది లేవు, ఒక్కటీ పోరాటం చూడలేదు. అదే కాలానికి గ్రమ్మన్ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన హెల్‌క్యాట్లు 12,000 దాటాయి.

జీరోలో మరింత పెద్దదైన కిన్‌సె ఇంజన్ పెట్టడానికి కూడా చివరికి ఒప్పుకున్నారు. 1,560 హార్స్ పవర్‌తో ఆ రకం 1945 ఏప్రిల్‌లో ఎగిరింది. వేలల్లో ఆర్డర్ ఇచ్చారు, రెండు నమూనాలతో ఆగిపోయింది. ఎడ్ల బండి మీద కగమిగహరాకి బయలుదేరిన 1939 నాటి ఆ డిజైనే, సకాయె ఇంజన్‌తోనే, 1945 ఆగస్టు దాకా ఫ్యాక్టరీల్లో తయారవుతూ వచ్చింది.